ఫైళ్ల మీద కాపలా: డేటా పరిరక్షణ కమిషనర్ల చరిత్ర

పౌరుల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టాల గురించి రాసేవారు సాధారణంగా గోప్యతా హక్కుతో మొదలుపెట్టి, ఆ హక్కును అమలు చేసే కార్యాలయం ప్రస్తావనను చివరి అధ్యాయానికి వదిలేస్తారు. చరిత్రలో మాత్రం ఈ వరస తారుమారుగా ఉంది. 1970 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని హెస్సె రాష్ట్రం ప్రపంచంలోనే మొట్టమొదటి డేటా పరిరక్షణ చట్టాన్ని చేసేనాటికి, తనను గురించిన సమాచారం మీద పౌరునికి రాజ్యాంగపరమైన హక్కు ఉందని ఆ దేశపు న్యాయస్థానం ప్రకటించడానికి ఇంకా 13 ఏళ్ల వ్యవధి ఉంది. 17 సెక్షన్ల ఆ చిన్న చట్టంలో అధిక భాగం ఒక పదవిని గురించే మాట్లాడుతుంది: డేటా పరిరక్షణ కమిషనర్ అనే ఆ అధికారిని ఎవరు ఎన్నుకోవాలి, ఎంతకాలం ఉంచాలి, ఆయన ఎవరి మాట వినాలి, ఎవరి మాట వినకూడదు. ఆ తర్వాత దేశదేశాల్లో వచ్చిన చట్టాలన్నీ ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. వాటికి ఇచ్చిన జవాబులను బట్టే ఆ చట్టాల బలాబలాలు తేలాయి.

హెస్సెలో ఈ పదవి అవసరం కావడానికి కారణం కంప్యూటర్లే గాని, అందరూ అనుకునే రీతిలో కాదు. 1960ల చివర్లో అక్కడి ప్రభుత్వం రాజధాని వీస్‌బాడెన్‌లో ఒక కేంద్ర గణన వ్యవస్థనూ, దానికి తోడు పట్టణ, జిల్లా పాలక సంస్థలు కలిసి వాడుకునే ప్రాంతీయ కేంద్రాలనూ నెలకొల్పింది. అంతవరకు ఊరి నివాసుల చిట్టా ఒక గదిలో, పన్నుల దస్త్రం మరో గదిలో, ఆసుపత్రి రికార్డు ఇంకెక్కడో ఉండేవి. ఒక మనిషికి సంబంధించినవన్నీ ఒకచోట చేర్చాలంటే గుమాస్తా కాళ్లరిగేలా తిరగవలసి వచ్చేది గనుక, ఆ శ్రమే పౌరునికి తెలియని రక్షణగా ఉండేది. యంత్రం ఆ శ్రమను తీసివేసింది. అయితే హెస్సె శాసనసభ్యులను కలవరపెట్టినది పౌరుని భయం ఒక్కటే కాదు, తమ భయం కూడా. సమాచారమంతా మంత్రివర్గం చేతిలోని యంత్రంలోకి చేరితే, ప్రభుత్వాన్ని నిలదీయవలసిన శాసనసభ అంకెల కోసం ఆ ప్రభుత్వం దగ్గరికే పోవలసి వస్తుందని వారు గ్రహించారు. అందుకే గణన కేంద్రాల నుంచి సమాచారం కోరే హక్కును చట్టం శాసనసభకు కూడా ఇచ్చింది; కంప్యూటర్ల వల్ల శాసనసభకూ కార్యనిర్వాహక వర్గానికీ మధ్య అధికారాల పొందిక మారుతున్నదా అని గమనిస్తూ ఉండే బాధ్యతను కమిషనర్‌కు అప్పగించింది. తర్వాతి చట్టాల్లో చాలావరకు మరుగున పడిపోయిన ఈ రెండో బాధ్యతే, నిజానికి, హెస్సె చట్టంలోని అత్యంత తెలివైన అంశం.

కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదిస్తే శాసనసభ ఎన్నుకునేది. విధినిర్వహణలో ఆయనకు ఆదేశాలిచ్చే అధికారం ఎవరికీ లేదు. ఏటా శాసనసభకు నివేదిక సమర్పించాలి, దానికి ప్రభుత్వం సమాధానం చెప్పాలి. జరిమానా వేసే అధికారంగాని, ఫైలు మూయించే అధికారంగాని ఆయనకు లేవు. తప్పు కనబడితే ఆక్షేపణ తెలపడం, పట్టించుకోకపోతే దాన్ని నివేదికలోకి ఎక్కించడం, అంతే. తొలి కమిషనర్ విల్లీ బిర్కెల్‌బాఖ్ సోషల్ డెమొక్రాటిక్ పార్టీ రాజకీయ నాయకుడు, అంతకుముందు అదే రాష్ట్ర ప్రభుత్వ సచివాలయానికి అధిపతిగా పనిచేసినవాడు. ఫైళ్లు ఎక్కడెక్కడ దాక్కుంటాయో తెలిసినవాడు కావడం ఆ పదవికి మేలే చేసింది. 1975లో ఆయన స్థానంలోకి వచ్చి 1991 వరకు కొనసాగిన స్పిరోస్ సిమిటిస్ ఏథెన్స్‌లో పుట్టి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో న్యాయశాస్త్రం బోధించిన ఆచార్యుడు. దండించే అధికారం లేని ఆ పదవి ఆయన హయాంలో యూరప్ మొత్తానికి నమూనా కావడానికి కారణం నివేదికలే. ఏ శాఖ ఏ ఫైలును ఎందుకు ఉంచుకున్నదో పేరుపేరునా అచ్చులో చూపించే నివేదిక ఏటా శాసనసభ బల్ల మీదికి వస్తుందని తెలిసిన అధికారి, జరిమానాకు భయపడేవాని కంటే ఎక్కువగానే జాగ్రత్త పడ్డాడు.

జాతీయ స్థాయిలో తొలి చట్టం స్వీడన్‌ది. 1973లో వచ్చిన ఆ చట్టానికి నేపథ్యం అక్కడి ప్రత్యేక పరిస్థితి. ప్రభుత్వ పత్రాలను ఎవరైనా అడిగి చూడవచ్చుననే సూత్రం స్వీడన్‌లో 1766 నుంచీ ఉంది. ప్రతి నివాసికీ ఒక వ్యక్తిగత సంఖ్యను కేటాయించడం 1947లోనే మొదలైంది. కాగితాల కాలంలో ఈ రెండూ పక్కపక్కనే ఇబ్బంది లేకుండా బతికాయి. టేపుల మీదికి ఎక్కిన రికార్డులను ఆ బహిరంగతా సూత్రం కిందనే వ్యాపార సంస్థలు కూడా తెచ్చుకోగలవని తెలిసేసరికి, 1970 జనాభా లెక్కల సమయంలో జనంలో అసంతృప్తి రాజుకుంది. దానికి సమాధానంగా పుట్టిన డేటా ఇన్‌స్పెక్షన్ సంస్థకు హెస్సె కమిషనర్‌కు లేని గట్టి అధికారం దక్కింది: కంప్యూటర్‌లో వ్యక్తుల వివరాల పట్టికను తయారుచేయదలచిన వారెవరైనా, ప్రభుత్వ శాఖ అయినా ప్రైవేటు సంస్థ అయినా, ముందుగా ఆ సంస్థ అనుమతి పొందాలి. ఇది లైసెన్సు పద్ధతి. ఏ వివరాలు చేర్చవచ్చు, ఎంతకాలం ఉంచవచ్చు, ఎవరికి ఇవ్వవచ్చు అనే షరతులను సంస్థే నిర్ణయించేది.

కాగితం మీద ఇంతకంటే పటిష్ఠమైన ఏర్పాటు ఉండదు. ఆచరణలో మాత్రం అది దరఖాస్తుల కుప్ప కింద నలిగిపోయింది. చిన్న సంఘాల సభ్యుల జాబితా మొదలు కంపెనీల జీతాల పట్టిక దాకా అన్నిటికీ అనుమతి పత్రాలు రాస్తూ కూర్చున్న సిబ్బందికి, బయటికి వెళ్లి తనిఖీ చేసే తీరిక తగ్గిపోయింది. 1982లో చట్టాన్ని సవరించి, సున్నితమైన పట్టికలకు మాత్రమే ప్రత్యేక అనుమతి కావాలని సడలించారు. లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రజల మనసు కుదుటపడదని 1986లో బయటపడిన మెట్రోపోలిట్ వ్యవహారం చూపింది. 1953లో పుట్టి, 1963 నాటికి స్టాక్‌హోమ్ ప్రాంతంలో ఉన్న సుమారు 15,000 మందిని సామాజిక శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి అధ్యయనం చేస్తూ, వారి చదువు, సంక్షేమ సాయం, నేరాల రికార్డులను కలిపి ఒకే పట్టికలో పెట్టారు. ఇన్‌స్పెక్షన్ సంస్థ అనుమతి ఉన్న పరిశోధనే అది. తమ జీవితం ఒక పట్టికలో ఉందని ఆ వేలమందిలో అత్యధికులకు పత్రికలు చెప్పేదాకా తెలియదు. దుమారం లేచాక అదే ఏడాది ఆ పట్టిక నుంచి వ్యక్తులను గుర్తుపట్టే ఆనవాళ్లను తొలగించారు. అనుమతి ఇచ్చినవాడే తర్వాత తప్పు పట్టవలసి రావడం లైసెన్సు పద్ధతిలో స్వతహాగా ఉన్న ఇరకాటం.

ఫ్రాన్స్ కథకు మూలం ఒక పత్రికా వ్యాసం. 1974 మార్చి 21న 'ల మోంద్' దినపత్రికలో ఫిలిప్ బూషే రాసిన వార్తాకథనం, ప్రభుత్వ గణాంక సంస్థ 'సఫారీ' పేరుతో ఒక ప్రణాళికను సిద్ధం చేస్తున్నదని, దాని ప్రకారం ప్రతి పౌరునికీ ఉన్న జాతీయ గుర్తింపు సంఖ్య ఆధారంగా వివిధ శాఖల ఫైళ్లను అనుసంధానం చేయవచ్చునని బయటపెట్టింది. ఆఫ్రికా వేటను గుర్తుచేసే ఆ సంక్షిప్త నామాన్నే పట్టుకుని, ఇది ఫ్రెంచివారి వేట అని పత్రిక శీర్షిక పెట్టింది. ఆ సంఖ్య పుట్టుక జర్మన్ ఆక్రమణ కాలపు 1941 నాటిది కావడంతో మంట మరింత రాజుకుంది. ప్రధాని పియెర్ మెస్మెర్ శాఖల మధ్య అనుసంధానాలను నిలిపివేయించగా, తర్వాత ఏర్పడిన నిపుణుల సంఘం ఇచ్చిన నివేదిక 1978 జనవరి 6 నాటి చట్టానికి, 'క్నిల్' అనే సంక్షిప్త నామంతో ప్రసిద్ధమైన జాతీయ కమిషన్‌కు దారితీసింది.

క్నిల్ నిర్మాణం హెస్సె నమూనాకు భిన్నమైనది. ఒక్క మనిషి మీద భారం మోపకుండా 17 మంది సభ్యుల మండలిని ఏర్పాటు చేసి, పార్లమెంటు ఉభయ సభల నుంచి ఇద్దరేసి, ఆర్థిక సామాజిక మండలి నుంచి ఇద్దరు, మూడు అత్యున్నత న్యాయ, పరిపాలనా, ఆడిట్ సంస్థల నుంచి ఇద్దరేసి, ఇతర ప్రముఖులు అయిదుగురు అనే లెక్కన వేర్వేరు చోట్ల నుంచి సభ్యులను తెచ్చారు. అధ్యక్షుణ్ని సభ్యులే ఎన్నుకునేవారు. నియమించే చేతులు అనేకం కావడంతో ఏ ఒక్క చెయ్యీ మొత్తం సంస్థను వశం చేసుకోలేదన్నది దీని వెనుక లెక్క. ప్రభుత్వంలో భాగంగా ఉంటూనే మంత్రుల అదుపులో లేని ఇటువంటి సంస్థకు 'స్వతంత్ర పరిపాలనా సంస్థ' అనే హోదాను ఫ్రెంచి చట్టం మొదటిసారిగా ఇచ్చింది క్నిల్‌కే.

కొత్త కమిషన్ తన పళ్లను చూపించిన తొలి సందర్భాల్లో ఒకటి పసిబిడ్డలకు సంబంధించినది. ఫ్రాన్స్‌లో బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున, తొమ్మిదో నెలలో, రెండేళ్లు నిండేటప్పుడు తప్పనిసరిగా జరిపే వైద్య పరీక్షల ధ్రువపత్రాలు జిల్లా ఆరోగ్య కార్యాలయాలకు చేరేవి. 'గామెన్' అనే కంప్యూటర్ వ్యవస్థ ఆ పత్రాల్లోని వైద్య వివరాలతో పాటు తల్లి వయసు, వివాహ స్థితి వంటి సామాజిక వివరాలను కూడా లెక్కగట్టి, 'ప్రమాదం పొంచి ఉన్న' బిడ్డలంటూ ఒక జాబితా తయారుచేసేది. ఆ జాబితాను బట్టి సామాజిక కార్యకర్తలు ఆయా ఇళ్లకు వెళ్లేవారు. ఉద్దేశం మంచిదే, బిడ్డల క్షేమమే. అయినా 1981 జూన్‌లో క్నిల్ ఈ వ్యవస్థకు వ్యతిరేకంగా అభిప్రాయం ఇచ్చింది. మనిషి ప్రవర్తనను అంచనా వేసే పరిపాలనా నిర్ణయం యంత్రపు లెక్క మీద మాత్రమే ఆధారపడకూడదని 1978 చట్టంలోని ఒక సెక్షన్ చెబుతుంది. పుట్టిన వారానికే ఒక బిడ్డ నుదుటి మీద యంత్రం ముద్ర వేయడం ఆ సెక్షన్‌కు విరుద్ధమని కమిషన్ భావించింది. ఈనాడు అల్గారిథమ్‌ల గురించి జరుగుతున్న చర్చ అంతా ఈ ఒక్క తీర్మానంలో బీజరూపంలో ఉంది.

2004లో ఫ్రెంచి చట్టాన్ని మార్చినప్పుడు ఒక బేరం జరిగింది, దాన్ని అప్పట్లో అంతగా ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీలకు జరిమానా వేసే అధికారం క్నిల్‌కు దక్కింది. దానికి మారుగా అన్నట్టు, ప్రభుత్వ ఫైళ్ల విషయంలో కమిషన్ ఆమోదం తప్పనిసరిగా ఉన్న స్థితి పోయి, భద్రతకు, పోలీసుకు సంబంధించిన పట్టికల మీద దాని మాట ప్రచురించే అభిప్రాయం స్థాయికి తగ్గింది. 2019 జనవరిలో గూగుల్ మీద 5 కోట్ల యూరోల జరిమానా వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సంస్థ, పుట్టుకకు కారణమైన సఫారీ వంటి ప్రణాళిక మళ్లీ వస్తే అడ్డుకునే శక్తిని చాలావరకు వదులుకున్నదే. నియంత్రణ సంస్థల చరిత్రలో ఇది చాలా దేశాల్లో కనిపించే ధోరణి: వ్యాపారి మీద పట్టు బిగిసేకొద్దీ రాజ్యం మీద పట్టు సడలుతుంది.

జర్మనీకి తిరిగి వస్తే, 1983 ఏప్రిల్ 27న జరగవలసిన జనాభా లెక్కలు దేశాన్ని ఊపేశాయి. సేకరించిన వివరాలను స్థానిక నివాసుల చిట్టాలతో పోల్చి సరిదిద్దుకోవచ్చునని చట్టంలో ఉండటం వివాదానికి ప్రధాన కారణం. లెక్కల కోసం ఇచ్చిన జవాబు పరిపాలన చేతికి పోతుందన్నమాట. బహిష్కరణ సంఘాలు ఊరూరా వెలిశాయి. రాజ్యాంగ న్యాయస్థానం ఏప్రిల్ 13న లెక్కలను ఆపివేసి, డిసెంబరు 15న ఇచ్చిన తీర్పులో, తన సమాచారం ఎప్పుడు, ఎంతవరకు ఇతరులకు తెలియాలో నిర్ణయించుకునే హక్కు వ్యక్తికి ఉందని ప్రకటించింది. ఈ హక్కు పేరు అందరికీ తెలుసు. తీర్పులోని మరో మాట అంతగా ప్రచారం పొందలేదు. యంత్రాల లోపల ఏమి జరుగుతుందో సామాన్యుడు చూడలేడు గనుక, స్వతంత్ర డేటా పరిరక్షణ కమిషనర్ల పాత్ర లేకుండా ఆ హక్కుకు రక్షణ ఉండదని కోర్టు చెప్పింది. అప్పటికే పదేళ్లకు పైగా పనిచేస్తున్న పదవికి రాజ్యాంగ పునాది అలా దొరికింది. చివరికి ఆ లెక్కలు మార్పులతో 1987లో జరిగాయి. తెలుగు పాఠకులకు 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒకే రోజున జరిగిన సమగ్ర కుటుంబ సర్వే గుర్తుండే ఉంటుంది. భూమి, వాహనాలు, బ్యాంకు ఖాతా దాకా అడిగిన ఆ పత్రాలు ఇల్లిల్లూ తిరిగిన నాడు, వాటి మీద పర్యవేక్షణ జరపడానికి చట్టం నియమించిన కమిషనర్ భారతదేశంలో ఎక్కడా లేడు.

అమెరికా అదే కాలంలో వేరే దారి పట్టింది. 1974 గోప్యతా చట్టం ముసాయిదాలో ఒక సమాఖ్య గోప్యతా బోర్డు ఉండేది, సెనేటర్ శామ్ ఎర్విన్ దాని కోసం పట్టుబట్టాడు; రాజీలో ఆ బోర్డు ఎగిరిపోయి, అధ్యయనానికి మాత్రమే పరిమితమైన ఒక కమిషన్ మిగిలింది. ఆ లోటు నేటికీ పూడలేదు.

బ్రిటన్ చట్టానికి ప్రేరణ పౌరహక్కుల కన్నా వ్యాపారం. యూరప్ మండలి 1981లో కుదిర్చిన ఒడంబడికలో చేరకపోతే ఇతర దేశాలు తమకు డేటా పంపడం ఆపేస్తాయన్న భయంతో 1984లో చట్టం చేసి, మాంచెస్టర్‌కు దక్షిణాన విల్మ్‌స్లో పట్టణంలో ఒక రిజిస్ట్రార్‌ను కూర్చోబెట్టింది. కంప్యూటర్ వాడేవారంతా రుసుము కట్టి పేరు నమోదు చేసుకోవాలన్నది పద్ధతి. ఎరిక్ హోవ్ తొలి రిజిస్ట్రార్. తర్వాతి కాలంలో ఇన్ఫర్మేషన్ కమిషనర్‌గా మారిన ఈ కార్యాలయానికి అసలు పరీక్ష 2018 మార్చిలో ఎదురైంది. కోట్లాది ఫేస్‌బుక్ ఖాతాల సమాచారం కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థకు చేరిందని మార్చి 17న వార్తలు వచ్చాయి. 19న కమిషనర్ ఎలిజబెత్ డెనమ్, ఆ సంస్థ కార్యాలయాన్ని సోదా చేయడానికి వారంటు అడుగుతానని టెలివిజన్‌లో ప్రకటించింది. అంటే ఎవరిని సోదా చేయబోతున్నారో వారికి ముందే తెలిసిపోయింది. అదే సాయంత్రం ఫేస్‌బుక్ నియమించిన ఆడిటర్లు ఆ కార్యాలయంలోనే ఉన్నారు. నియంత్రణ సంస్థ కోరితే గాని వారు వెనక్కు తగ్గలేదు. హైకోర్టు వారంటు ఇచ్చింది 23వ తేదీ శుక్రవారం రాత్రి. సిబ్బంది ఆ రాత్రే లోపలికి వెళ్లి తెల్లవారుజామున బయటికి వచ్చారు.

ఈ జాప్యానికి కారణం అధికారుల అలసత్వం కాదు. 1984 చట్టం స్థానంలో వచ్చిన 1998 చట్టం ప్రకారం వారంటు కావాలంటే, మామూలుగా అయితే, సోదా చేయదలచిన చోటి యజమానికి ఏడు రోజుల ముందు నోటీసు ఇచ్చి ఉండాలి. అత్యవసరమని న్యాయమూర్తిని ఒప్పిస్తే తప్ప దీనికి మినహాయింపు లేదు. కాగితాల బీరువాలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ నిబంధన, ఒక్క మీట నొక్కి ఆనవాళ్లు చెరిపేయగల కాలానికి పనికిరాలేదు. చివరికి ఫేస్‌బుక్ మీద పడిన జరిమానా 5 లక్షల పౌండ్లు, పాత చట్టం కింద అదే గరిష్ఠం. కొత్త చట్టం కింద కోట్లు వేసే అధికారం వచ్చాక కూడా అంకెలు నిలబడలేదు: బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 2019 జూలైలో 18.3 కోట్ల పౌండ్లు వేస్తామని నోటీసు ఇచ్చి, 2020 అక్టోబరులో 2 కోట్లతో సరిపెట్టారు.

ఈలోగా యూరోపియన్ యూనియన్ 1995 ఆదేశంలో నియంత్రణ సంస్థలు 'సంపూర్ణ స్వాతంత్ర్యంతో' పనిచేయాలని రాసింది. ఆ రెండు పదాలకు అర్థం ఏమిటన్న ప్రశ్న మీద లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం మూడు తీర్పులు చెప్పవలసి వచ్చింది. మొదటి ముద్దాయి జర్మనీ. అక్కడి రాష్ట్రాల్లో ప్రైవేటు కంపెనీల మీద పర్యవేక్షణను ప్రభుత్వ అజమాయిషీ కింది శాఖలకు అప్పగించడం చెల్లదని 2010 మార్చిలో కోర్టు తేల్చింది. ఆ తీర్పు తగిలిన రాష్ట్రాల్లో హెస్సె కూడా ఒకటి: అక్కడ ప్రభుత్వ ఫైళ్లను చూసే కమిషనర్ స్వతంత్రుడే గాని, కంపెనీలను చూసేది డార్మ్‌స్టాట్ ప్రాంతీయ పాలనాధికారి కార్యాలయం, రెండూ 2011లో ఒకటయ్యాయి. రెండో కేసు ఆస్ట్రియాది. కమిషన్ కార్యాలయం ప్రధానమంత్రి సచివాలయంలో భాగంగా ఉండటం, దాన్ని నడిపే సభ్యుడు పై అధికారి కింద పనిచేసే ఉద్యోగి కావడం స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2012 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఎవరూ ఆదేశం ఇవ్వకపోయినా సరే, పదోన్నతి ఎవరి చేతిలో ఉందో ఉద్యోగికి తెలుసు కదా అన్నది కోర్టు తర్కంలోని సారం. మూడోది అన్నిటికంటే మొరటుది. హంగరీ పార్లమెంటు 2008లో ఆరేళ్లకు ఎన్నుకున్న కమిషనర్ పదవిని, కొత్త ప్రభుత్వం సంస్థ పునర్నిర్మాణం పేరుతో 2011 చివరికే ముగించి, 2012 జనవరి నుంచి కొత్త సంస్థను, కొత్త అధిపతిని తెచ్చింది. పదవీకాలాన్ని మధ్యలో తెంచగలిగితే స్వాతంత్ర్యం మాటలకే పరిమితమవుతుందని 2014 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది; అప్పటికి పాత కమిషనర్ వెళ్లిపోయి రెండేళ్లు దాటింది.

2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్, అంటే యూరప్ సాధారణ డేటా పరిరక్షణ నిబంధన, జరిమానాను కంపెనీ ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం దాకా పెంచింది. ఒక కంపెనీ యూరప్ ప్రధాన కార్యాలయం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు సంస్థే దాని విషయంలో ముందుండి విచారించాలన్న నియమాన్ని కూడా తెచ్చింది. పన్ను రాయితీల వల్ల అమెరికన్ టెక్ కంపెనీలు చాలావరకు డబ్లిన్‌లో ఉండటంతో, ఖండమంతటి భారం ఐర్లండ్ మీద పడింది. కొన్నేళ్ల కిందటి దాకా ఆ దేశపు కమిషనర్ కార్యాలయం పోర్టార్లింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఒక కిరాణా సూపర్‌మార్కెట్‌ను ఆనుకుని ఉండేది. కంపెనీల పట్ల ఐర్లండ్ మెతకదనం చూపుతున్నదని ఇతర దేశాల సంస్థలు ఎన్నిసార్లు ఆరోపించాయో లెక్కలేదు, ఆ ఆరోపణకు ఆధారాలు కూడా లేకపోలేదు. వాట్సాప్ కేసులో ఐర్లండ్ ప్రతిపాదించిన జరిమానా 3 నుంచి 5 కోట్ల యూరోలు. అన్ని దేశాల సంస్థలు కూర్చునే యూరోపియన్ డేటా పరిరక్షణ మండలి జోక్యంతో 2021లో అది 22.5 కోట్లయింది. 2023 మే నెలలో మెటా మీద పడిన 120 కోట్ల యూరోల రికార్డు జరిమానా కూడా ఐర్లండ్ వద్దన్నా మండలి వేయించినదే. ఆ కేసుకు మూలమైన ఫిర్యాదును ఆస్ట్రియా న్యాయవాది మాక్స్ ష్రెమ్స్ దాఖలు చేసింది 2013లో, పదేళ్లు పట్టింది.

భారతదేశం ఈ చరిత్రలోకి ఆలస్యంగా వచ్చింది గనుక, పై పాఠాలన్నీ కళ్ల ముందు ఉన్నాయి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ రాసిన ముసాయిదా, అధ్యక్షుడు గాక ఆరుగురు సభ్యులుండే ఒక అథారిటీని, వారి ఎంపికకు భారత ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన సూచించిన న్యాయమూర్తి నాయకత్వం వహించే కమిటీని ప్రతిపాదించింది. 2019 బిల్లులో ఆ న్యాయమూర్తి స్థానంలోకి క్యాబినెట్ కార్యదర్శి వచ్చాడు. ఆ బిల్లును 2022 ఆగస్టులో ఉపసంహరించుకుని, 2023 ఆగస్టులో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో అథారిటీ అన్నది కుదించుకుపోయి డేటా పరిరక్షణ బోర్డు అయింది. నిబంధనలు రాసే అధికారం బోర్డుకు లేదు, అది కేంద్రానిది. బోర్డు విచారణ మొదలుకావాలంటే డేటా లీకైనట్టు సమాచారం, బాధితుని ఫిర్యాదు, ప్రభుత్వ సూచన, కోర్టు ఆదేశం వంటిది ఏదో ఒకటి ఉండాలి. ఒక సంస్థ రోజువారీ పనికి ఆటంకం కలిగే విధంగా ప్రాంగణంలోకి ప్రవేశాన్ని అడ్డుకోవడంగాని, పరికరాలను స్వాధీనం చేసుకోవడంగాని చేయకూడదని 28వ సెక్షన్ బోర్డును ప్రత్యేకంగా కట్టడి చేసింది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచి మినహాయించే వీలు 17వ సెక్షన్‌లో ఉంది. డేటా లీకై నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టపు 43ఎ సెక్షన్‌ను తొలగించడానికి కూడా ఈ చట్టమే ఏర్పాటు చేసింది. వసూలయ్యే జరిమానా ఖజానాకు పోతుంది.

గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు కావడం పత్రికల్లో పతాక శీర్షిక అయింది. హెస్సె కమిషనర్‌కు ఒక్క మార్కు జరిమానా వేసే అధికారం కూడా లేదని గుర్తుంటే, ఆ అంకె అంతగా ఆకట్టుకోదు. 2023 చట్టం ప్రకారం బోర్డు అధ్యక్షుణ్ని, సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వం, పదవీకాలం రెండేళ్లు, గడువు తీరాక తిరిగి నియమించవచ్చు. దేశంలో అన్నిటికంటే పెద్ద పట్టికలు ఎవరి దగ్గర ఉన్నాయో వారి దయ మీదే మళ్లీ నియామకం ఆధారపడి ఉన్నప్పుడు, వారి మీద వచ్చిన ఫిర్యాదును ఆ సభ్యుడు నిర్భయంగా విచారిస్తాడని ఆశించడం అత్యాశ. పార్లమెంటు ముందుగా సవరించవలసినవి నియామకం గురించిన 19వ సెక్షన్, పదవీకాలం గురించిన 20వ సెక్షన్.